గుట్టల వయసు

జగిత్యాల దాటి బుగ్గారం వైపు పోతుంటే కనిపించే గుట్టలను కొండలంటే నల్లమల చూసినవాళ్లు నవ్వుతారు. కానీ ఈ కరీంనగర్ నేలలోని గ్రాన్యులైట్ శిలలు ఒకప్పుడు పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోతున ఉడికినవి. పైనున్న బరువంతా ఎప్పుడో అరిగి కొట్టుకుపోయింది.

ఎప్పుడు ఉడికాయో చెప్పేది జిర్కాన్, ఇసుక రేణువంత స్ఫటికం. పుట్టేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని గడప తొక్కనివ్వదు. కాబట్టి ఇవాళ అందులో దొరికే సీసం దాదాపు అంతా యురేనియం క్షీణించి తయారైందే. యురేనియం-238 సగం కావడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కు 70 కోట్ల ఏళ్లు. రెండు లెక్కలూ కలిస్తే వయసు నమ్మొచ్చు. కలవకపోతే మధ్యలో ఏ వేడో సీసాన్ని బయటికి తరిమిందని అనుమానించాలి. నాకైతే ఆ కలవని లెక్కల మీదే మోజు, ఏదో జరిగిందని చెప్పేవి అవే కదా!

ఇక్కడి శిలల వయసులు 250 కోట్ల ఏళ్ల అటూఇటూ తేలాయి. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే. ఇక కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ కొనేటప్పుడు మనం అడిగేది వయసు కాదు, చదరపు అడుగు ధర ఒక్కటే.

నల్ల అభ్రకం గడియారం వేరు. దాదాపు 300 డిగ్రీలకు చల్లబడ్డాకే అది తన లోపలి క్షీణతతో పుట్టే ఆర్గాన్ వాయువును పట్టి ఉంచుతుంది. అందుకే ఒకే బండలో జిర్కాన్‌ది ఒక వయసు, అభ్రకానిది అంతకన్నా చిన్న వయసు కావచ్చు. ఆ తేడాను బట్టే బండ ఎంత నిదానంగా చల్లారిందో లెక్కగడతారు.