లోకలా? నాన్ లోకలా?

"మీరు యాడోళ్లు?"

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. బస్టాండులోనో, బంగారంగళ్ల బజారులోనో మా పేరు విన్న తర్వాత అడుగుతారు. ప్రొద్దుటూరు అంటాం. "అది సరే సాయిబూ, అంతకు ముందు?" అంటారు. అంతకు ముందు జమ్మలమడుగు. ఇంకా వెనక్కి పోతే పెన్న ఒడ్డునే ఎక్కడో ఆగిపోతాం. అరేబియా మా దాదీకి హజ్ కథల్లో తప్ప తెలియదు.

2022లో మాత్రం ఈ ప్రశ్న మా ఇంట్లోంచే వచ్చింది. అడిగినవాడు మా చెల్లెలి కొడుకు. "మై లోకల్ నై క్యా మామూ?"

వాడు 2005లో కువైట్‌లో పుట్టాడు. కడప జిల్లావాళ్లకు కువైట్ అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఖాదిం వీసా, కంపెనీ వీసా, కఫీల్, అకామా మా వీధుల్లో ఉప్పూ చింతపండు లాంటి మాటలు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు మేము బడి పిల్లలం. పెద్దవాళ్లు రేడియో వదిలి లేచేవాళ్లు కాదు. అక్కడి మనవాళ్లు జోర్డాన్ దాకా పడుతూ లేస్తూ పోతే, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు దాదాపు 1,70,000 మందిని ఇల్లు చేర్చాయి. మా వీధికి తిరిగొచ్చినవాళ్ల చేతిలో ఒక్కో సంచి ఉండింది. కొన్నాళ్లకు మళ్లీ వాళ్లే పోయినారు. ఇక్కడ వానా లేదు, పనీ లేదు.

మా బావ జమ్మలమడుగువాడు. తెలుగు మీడియంలో చదివి, 2000లో ఒక కంపెనీ గోదాములో లెక్కలు రాసే పనికి పోయినాడు. తర్వాత చెల్లెల్ని తీసుకుపోయినాడు. అక్కడ పుట్టినంత మాత్రాన పిల్లవాడు ఆ దేశపు పౌరుడు కాడు. తండ్రికి అకామా ఉన్నన్నాళ్లే కొడుకుకూ చోటు. గోదాములో తండ్రి ముందున్న కంప్యూటరు చూసి వాడికి ఆ చదువు మీద మనసు పడింది. "ఈ పనికి అకామా అక్కర్లేదు మామూ, ఎక్కడ కూర్చుని అయినా చేయొచ్చు" అనేవాడు. అమెరికా పోయినవాళ్ల వీసాలకూ గడువుంటుందని మేము వాడికి చెప్పలేదు.

2020లో కరోనా వచ్చింది. బావ ఉద్యోగం పోయింది. వందే భారత్ విమానంలో అందరూ తిరిగొచ్చినారు. పది పాసై వచ్చిన పిల్లవాడిని ప్రొద్దుటూరులో ఇంటర్‌లో చేర్చాం. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, మసీదులో అరబీ నేర్చినవాడికి తెలుగు అక్షరాలు రావు. మార్కుల కోసం అందరూ తీసుకునే సంస్కృతమే వాడూ తీసుకున్నాడు. మా అమ్మీ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. కంప్యూటరు భాషలు వాడికి తెలుగు గుణింతాల కంటే తొందరగా వచ్చినాయి.

ఎంసెట్ పేరు అప్పటికి ఈఏపీసెట్ అయింది. ర్యాంకు వచ్చింది. మా బి.ఏ. చదువుకు ఈ కౌన్సెలింగుల సంగతి తెలియదు. కాగితాల కోసం ఒక ఆఫీసుకు పోతే గుమాస్తా నవ్వుతా అన్నాడు. "అరబ్బు దేశంలో పుట్టినోడు ఈడ లోకల్ ఎట్లయితాడు సాయిబూ? మీకు అదే గదా సొంత దేశం!"

పిల్లవాడికి ఆ తెలుగు అర్థమయింది. తల దించుకున్నాడు. ఆ రాత్రి మేము ఆ మనిషి మీద రాయాలని కలం పట్టుకున్నాం. రాసేముందు నిబంధన చదవడం మా వృత్తి ధర్మం. చదివాం.

1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మనది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతం. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. మావాడివి రెండేళ్లే. బెంగళూరులో పెరిగిన రెడ్డిగారి అబ్బాయికైనా ఇదే జవాబు. 1969, 1972 ఉద్యమాల తర్వాత, వెనకబడ్డ ప్రాంతాల పిల్లల సీట్లు బయటివాళ్లు తన్నుకుపోకూడదని వచ్చిన నిబంధన అది. రాయలసీమ పిల్లలుగా మేమూ దాని నీడలో చదివినవాళ్లమే.

కాబట్టి ఒప్పుకోవాలి. చట్టం అడిగింది నాలుగేళ్లు ఎక్కడ చదివావని. గుమాస్తా అడిగింది నువ్వు ఎవరివని. మాకు తగిలిన దెబ్బల వల్ల ఈ రెండింటినీ కలిపేసుకుంటాం. కలిపేసుకుంటే చట్టంలో ఉన్న తలుపు కూడా కనపడదు.

ఆ తలుపు మిగిలిన 15 శాతం. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉంటే పిల్లవాడు ఆ సీట్లకు పోటీ పడొచ్చు. స్థానికులు కూడా అందులో పోటీకి ఉంటారు. అయినా తలుపు తలుపే.

బావ పదేళ్లు రుజువు చేయాలి. గండికోటలో జామా మసీదూ మాధవరాయస్వామి గుడీ పక్కపక్కనే ఉన్నాయి. ఐక్యత ఉపన్యాసాలకు అవి పనికొస్తాయి, సర్టిఫికెట్‌కు పనికిరావు. కాగితాల్లో బావ ఒకచోట షేక్, ఒకచోట షైక్, ఇంకోచోట ఉత్త ఎస్. చివరికి జమ్మలమడుగులో బావ చదివిన బడికి పోయినాం. పెద్దసారు పాత రిజిస్టరు తీసి దుమ్ము దులిపాడు. తెలుగు అక్షరాల్లో బావ పేరు. పిల్లవాడు వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. వాళ్ల నాయన పేరును తెలుగులో వాడు చదవడం అదే మొదలు.

బి.సి.-ఇ సర్టిఫికెట్ కూడా తీసుకున్నాం. 2007 చట్టం ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 4 శాతం ఇచ్చింది. షేకులు ఉన్నారు, సయ్యదులూ పఠాన్లూ లేరు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో మళ్లీ నిలిచింది. మా పిల్లల చదువు ఇన్నేళ్లూ ఆ మధ్యంతర ఉత్తర్వు మీదే నడిచింది. అదీ ఒక అకామాయే.

పులివెందులలో 2006లో మొదలైన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కాలేజీలో మావాడికి కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది. మొదటివారమే ఫోన్ చేశాడు.

"హాస్టల్లో 'యాడోనివి అబ్బీ' అని అడిగినారు మామూ."

"ఏం చెప్పావు?"

"జమ్మలమడుగు అన్నా. అంతకు ముందు అని ఎవురూ అడగలేదు."

"ఎవురూ" అన్నాడు. అచ్చం మా ఊరి మాట. మేము చాలాసేపు మాట్లాడలేకపోయాం.

అప్పటికి బావ మళ్లీ కువైట్ పోయినాడు. ఈసారి ఒక్కడే. ఈ నేల మీద ఆయన గడిపిన ఏళ్లు కొడుకుకు సీటు తెచ్చాయి. ఆయనకు మాత్రం ఇక్కడ ఒక పని తెచ్చిపెట్టలేకపోయాయి.