ఆఖరి సైకిలు

మన సంఘం యువజన విభాగం వారు 2024 డిసెంబరులో ఒక ఆదివారం మల్లేశ్వరం నుంచి ముద్దేనహళ్ళికి సైకిలు యాత్ర పెట్టిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మొత్తం 24 మంది వెళ్ళారు. అందులో 22 మంది గురించి నేను రాయవలసింది పెద్దగా లేదు. వేగంగా వెళ్ళారు, క్షేమంగా చేరారు, ఫోటోలు తీసుకున్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండో మనిషి సంగతి తర్వాత చెబుతాను.

నాకు 56 ఏళ్ళు. బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. 31 ఏళ్ళుగా కుర్చీలో కూర్చుని లెక్కలు సరిచూస్తున్నాను. కుర్చీలు మారాయి గాని కూర్చోవడం మారలేదు. బరువు 86 కిలోలు. లిఫ్టు పనిచేయని రోజున రెండో అంతస్తు చేరాక కాసేపు ఎవరితోనూ మాట్లాడను. ఖాతాదారులు దాన్ని గాంభీర్యం అనుకుంటారు.

మరి 55 కిలోమీటర్ల సైకిలు యాత్రకు పేరెందుకిచ్చారని మీరు అడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. మా అన్నయ్య 57వ ఏట, ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ విప్పుతూ కూలిపోయాడు. సిగరెట్టు ఎరగడు, సుగరు లేదు. ఉన్నదల్లా నాలాంటి కుర్చీయే. నేను ఆ వయసుకు దగ్గరపడుతున్నానని మా ఇంట్లో ఎవరూ పైకి అనరు గాని, రాత్రి నాకు దగ్గు వచ్చినా మా ఆవిడ లేచి లైటు వేస్తుంది. "నడవండి, వద్దన్నానా? సైకిలెందుకు, అంత దూరమెందుకు?" అంది. నా దగ్గర సరైన జవాబు లేదు. మా నాన్నగారు మిల్లులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో టిఫిను క్యారియరు హ్యాండిలుకు తగిలించుకుని, ఏ కాలమైనా సైకిలు మీదే వెళ్ళి వచ్చేవారు. దాని కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది అన్నయ్యా నేనూ కలిసే. అది చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. డాక్టరు దగ్గరికి మాత్రం తనే వెంటబెట్టుకుని వెళ్ళింది.

ట్రెడ్‌మిల్లు మీద పరీక్ష చేయించాక డాక్టరుగారు ఒకే షరతు పెట్టారు. "మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగంలోనే తొక్కండి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగవలసి వస్తే దిగిపోండి. ఛాతీలో ఏమాత్రం బరువనిపించినా యాత్ర అక్కడితో సరి" అన్నారు. మూడు వారాలు సాంకీ ట్యాంకు పక్కన సాయంత్రాలు తిరిగాను. అంతే నా తయారీ.

సైకిలు అద్దెకిచ్చిన కుర్రాడు నా సీటు పైకి జరిపి బిగించాడు. మా చిన్నప్పుడు రెండు కాళ్ళూ నేలకు ఆనితేనే సీటు సరిగ్గా ఉన్నట్టు. అలాక్కాదట. పెడలు అడుగుకు చేరినప్పుడు కాలు దాదాపు చాపినట్టు ఉండాలి, లేకపోతే భారమంతా మోకాళ్ళదే. ఎత్తు వచ్చినప్పుడు ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి గొలుసు మార్చుకోవాలని చూపించాడు. అప్పుడు కాలు ఎక్కువసార్లు తిరుగుతుంది గాని ఒక్కో తొక్కుకీ శ్రమ తక్కువ. పెద్ద బాకీని చిన్న వాయిదాల్లో తీర్చడమన్నమాట. నాకు వెంటనే అర్థమైంది.

తెల్లవారుజామున అయిదుంబావుకు బయలుదేరాం. హెబ్బాళ చెరువు దాటేదాకా అందరం ఒకే వరుస. ముందువాడు గాలిని చీలుస్తూ పోతే వెనకవాడికి శ్రమ తగ్గుతుందని పిల్లలు చెప్పారు. నిజమే, కాని ఆ లాభం వాళ్ళ వేగానికే, నా వేగానికి కాదు. యలహంక చేరేసరికి వాళ్ళ ఎర్ర దీపాలు మినుకుమని మాయమయ్యాయి. అప్పుడు చూశాను, నా వెనకాల ఒక అమ్మాయి వస్తోంది. అందరికంటే వెనకున్నవాడికి వెనకాల ఒకరు ఉండాలని వాళ్ళ నియమం. ఆ రోజు వంతు ఆమెది. మన సంఘ సభ్యుల అమ్మాయే, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ముందుకు పోదు, తొందర పెట్టదు. "ఇంకెంత, వచ్చేశాం అంకుల్" వంటి అబద్ధాలు చెప్పదు. అందుకు నేనామెకు ఎంతో రుణపడి ఉన్నాను.

దేవనహళ్ళి కోట దగ్గర మా వ్యాను ఆగి ఉంది. డ్రైవరు నన్ను చూడగానే దిగి తలుపు తీసి పట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఆ తలుపు మాత్రం తీసే ఉంది. ఎడమ పిక్క పట్టేసింది. గట్టు మీద కూర్చుని కాలు చాపి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగుతున్నాను. మా ఆవిడ ఫోను. "ఎక్కడున్నారు?" అంటే చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు. "వ్యాను ఉందిగా" అంది. ఉంది, కళ్ళెదురుగానే.

అప్పుడు డాక్టరుగారి పరీక్ష గుర్తొచ్చింది. మళ్ళీ సైకిలెక్కి, అక్కడే చిన్న చుట్టు తిరుగుతూ మా కామర్సు మేష్టారు 18వ ఏట బట్టీ వేయించిన మూడు సూత్రాలూ పైకి చదివాను: డెబిట్ ది రిసీవర్, క్రెడిట్ ది గివర్, డెబిట్ వాట్ కమ్స్ ఇన్, క్రెడిట్ వాట్ గోస్ అవుట్, మూడోది ఖర్చులూ నష్టాలూ, ఆదాయాలూ లాభాలూ. ఎక్కడా ఊపిరి తెగలేదు. ఛాతీలో బరువు లేదు. నొప్పి పిక్కలోనే. ఆ అమ్మాయి వింతగా చూసింది గాని ఏమీ అడగలేదు. డ్రైవరు తలుపు వేశాడు.

ఆ తర్వాత ప్రతి ఎత్తుకూ దిగి నడిచాను. నంది క్రాస్ దగ్గర ఎడమకు తిరిగాక ఒక మజ్జిగ అంగడి. అక్కడ ఒక ముసలమ్మ. కన్నడంలో మజ్జిగ అడిగి, ఈ అమ్మాయితో తెలుగులో మాట్లాడుతుంటే ముసలమ్మ అందుకుంది. చిక్కబళ్ళాపురం చుట్టుపట్ల తెలుగు ఎంత మామూలో మీకు తెలుసు కదా.

"యాడికి పోతా ఉండావు సామీ, ఈ ఎండలో?"

"ముద్దేనహళ్ళికమ్మా."

"బస్సుండాది గదా?"

ఆరోగ్యం కోసమన్నాను. ఆవిడ నా సైకిలును ముందు నుంచీ వెనక నుంచీ చూసి, "క్యారేజి ల్యాకుండా ఇదేం సైకిలప్పా?" అంది. వాళ్ళాయన ఒకప్పుడు పట్టుగూళ్ళ మూటలు వెనక కట్టుకుని శిడ్లఘట్ట సంతకు సైకిలు మీదే పోయేవాడట. ఎండెక్కకముందే చేరాలి. ఒక రోజు పోతే ఒక రోజుకు ధర తగ్గుతుంది. మరీ ఆలస్యమైతే లోపలి పురుగు చిలకై గూడు తొలుచుకుని వస్తుంది, ఇక ఆ గూడులో నుంచి దారం సాగదు. "ఆయన అన్ని మూటలేసుకొని పొయ్యేవోడు. నువ్వు వట్టి చేతుల్తో పోతా ఇంత రొప్పుతుండావే!" అంది. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక వెనక్కి తిరిగింది. ముసలమ్మ రెండో గ్లాసులో ఇంత ఉప్పు ఎక్కువ వేసి ఇచ్చింది, దానికి డబ్బు తీసుకోలేదు. దారి పొడవునా నాకు దొరికిన వైద్యంలో అదే ఉత్తమం.

నంది గ్రామంలో భోగ నందీశ్వరాలయం, 9వ శతాబ్దం నాటిది, బయటి నుంచే దణ్ణం పెట్టుకున్నాం. చెప్పులు విప్పితే మళ్ళీ తొడుక్కోవడానికి వంగగలనన్న నమ్మకం నాకు లేదు.

ముద్దేనహళ్ళి చేరేసరికి పదకొండు దాటింది. పిల్లలు ఎనిమిదిన్నరకే వచ్చి, విశ్వేశ్వరయ్యగారి ఇల్లు, సమాధి చూసి, పులిహోర తినేసి ఉన్నారు. ఆయన 1861లో పుట్టిన ఊరిది. పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన మైసూరు దివానుగా ఉన్నప్పుడే, 1913లో, బ్యాంక్ ఆఫ్ మైసూరు మొదలైంది. బ్యాంకువాణ్ణి కనుక నేను చెప్పకపోతే ఎలా? నూట ఒకటో ఏట, 1962లో పోయారు. ఆ సంఖ్య చదువుతూ సమాధి ముందు కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాను.

ఇంటికి ఫోను చేశాను. "వచ్చేశాను" అన్నాను. "వ్యానులోనా?" అంది. "కాదు" అన్నాను. కాసేపటికి, "తిన్నారా?" అంది. ఆ గొంతు తేడా ఆవిడతో 28 ఏళ్ళు కాపురం చేసిన నాకు తెలుస్తుంది.

పులిహోర నాకోసం విడిగా తీసి ఉంచారు. తిరుగు ప్రయాణం అందరికీ వ్యానులోనే. సైకిళ్ళు పైన కట్టారు.

తర్వాతి యాత్ర ఎక్కడికో యువజన విభాగం వారు ఇంకా తేల్చలేదు. ఎక్కడికైనా వెనక వరుసలో నా పక్కన ఇంకో ఇద్దరికి చోటుంది. యాభై దాటినవారు ముందు డాక్టరు దగ్గర చూపించుకుని పేర్లు ఇవ్వవచ్చు. ఇంట్లో అనుమతి మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.