ఊరికే ఉన్న ఇంజను

బీదర్ దిక్కు చక్కెర ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇండ్లకు ఏడాది రెండు ముక్కలు. గానుగ ఆడే నెలలు ఒకటి, ఆడని నెలలు ఇంకొకటి. సీజను వర్కర్లకు ఎండలు ముదిరేసరికి పని అయిపోతుంది. అక్కడి నుంచి మా ఇంటిని నడిపింది మా నాయన కొన్న పాత ఆయిల్ ఇంజను. మంజీరా ఒడ్డు రైతులకు గంట లెక్కన కిరాయికి ఇచ్చేవాడు. మా బియ్యం, మా ఫీజులు దాంట్లోంచే.

వానలు పడితే దాన్ని అడిగేవాళ్లుండరు. ఎడ్లబండి మీద ఇంటికొచ్చేది. అసలు పని అప్పుడే మొదలు. "పనిచేసి అరిగేది తక్కువ, ఊరికే ఉండి చెడేది ఎక్కువ" అనేవాడు నాయన. పదిహేను రోజులకొకసారి దాన్ని నడిపి తీరాల్సిందే.

మా అక్కను కాకినాడ ఇచ్చాం. బావ అక్కడ బోటు ఇంజన్ల మెకానిక్. తూర్పు సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట బంద్. మన గానుగ ఆగినట్టే. ఆ రెండు నెలలూ ఇంజన్లు బాగుచేసే పనే ఆయనకు. ఒక వానాకాలం మా ఇంటికొచ్చినప్పుడు మామా అల్లుళ్లిద్దరూ ఇంజను ముందు కూర్చుంటే కదల్లేదు.

"బోటు లోపల బిగించిన ఇంజను బయటి నీళ్లు పీల్చుకుని చల్లబడుద్ది మావయ్యా. గట్టు మీద నడపాలంటే డ్రమ్ము నిండా నీళ్లు పెట్టి పైపు అందులో వెయ్యాల. నీళ్లు అందకపోతే పంపులో ఉండే రబ్బరు చక్రం నిమిషంలో పాడైపోద్ది. గేరు మాత్రం న్యూట్రల్‌లోనే ఉండాల."

"మనదీ అంతే అల్లుడూ. నీళ్లు లేకుండ చాలు చేసేది లేదు" అన్నాడు నాయన.

ఇద్దరికీ కుదిరిన ఇంకో మాట: రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే లాభం లేదు, నష్టమే. డీజిల్ కాలినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కకముందే ఆపితే ఆ తడి లోపలే నిలిచి, ఆయిల్‌లో కలిసి, తుప్పు పట్టిస్తుంది. బరువు లేకుండా ఉత్తగా తిప్పితే డీజిల్ సరిగా కాలక మసి పేరుకుంటుంది. అందుకే నాయన పంపు తగిలించి, ఒక డ్రమ్ములోంచి ఇంకో డ్రమ్ములోకి నీళ్లు ఎత్తిస్తూ అరగంట నడిపేవాడు. డీజిల్ ట్యాంకు నిండా ఉంచేవాడు. ఖాళీ ఉంటే లోపలి గాలిలోని తడి నీటిబొట్లయి డీజిల్‌లో కలుస్తుంది.

ఆ వారం వాన తెరిపి ఇవ్వలేదు. ఇంజను నడిపే రోజు దాటిపోయింది. పక్కింటన్న వచ్చి, "కాకా, అర్రలనే చాలు చెయ్యి. తలుపు తీసిపెడ్తం, అరగంటనే గద" అన్నాడు.

నాయన ఒప్పుకోలేదు. "కండ్లకు కనవడే పొగతోని దగ్గొస్తది బిడ్డా. కనవడనిది పానం తీస్తది."

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది చేరుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మత్తు. నిద్ర వస్తుందనుకుని పడుకున్న మనిషి లేవకపోవచ్చు. పెట్రోలు జనరేటరైతే ఈ విషం ఇంకా ఎక్కువ. తలుపు, కిటికీ తీసిపెట్టినా సరిపోదు.

బావ, పక్కింటన్న, నేను, నాయన కలిసి మోకులు కట్టి ఇంజనును వాకిట్లోకి జరిపాం. నాలుగు దిక్కులా తెరిచి ఉండేలా ఎత్తుగా తాటిపత్రి కట్టాం. పొగగొట్టం ఇండ్లవైపు కాకుండా తిప్పాం. హ్యాండిల్ తిప్పి తిప్పి నాయన భుజాలు పోయినంత పనైంది. అంటుకుంది. అరగంట నడిచింది. తడిసి ముద్దయ్యాం గానీ అందరం ఉన్నాం.

ఇప్పుడు మన బస్తీల్లో కరెంటు పోతే జనరేటరు పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. పెండ్లికి కిరాయికి తెచ్చినా, దుకాణానికి కొన్నా, వాన పడుతోందని దాన్ని అర్రలోకి, మెట్ల కిందికి లాగకండి. పొగ వచ్చే ఏ ఇంజనైనా బయటనే, కిటికీలకు దూరంగా నడవాలి. తల తిరిగితే ముందు మనుషుల్ని బయటి గాలిలోకి తీసుకుపోండి, వెంటనే దవాఖానకు నడవండి. ఇంజను సంగతి తర్వాత చూసుకోవచ్చు.