పట్టేసిన ఇంజిను

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రానివాళ్లు మన కోయంబత్తూరులో చాలామంది ఉన్నారు కాబట్టి, రేపు ఇదే విషయం వాయిస్‌లో కూడా పెడతాను.

పండక్కి ముందు ఇంటికి సున్నం వేయిద్దామని అటక దించాం. మా ఇంట్లో పరణ్ అనే అంటాం, అటక అంటే మా కోడలికి తప్ప ఎవరికీ తెలియదు. పాత ఇత్తడి బిందెల వెనక ఒక అట్టపెట్టె కనిపించింది. తెరవకముందే అందులో ఏముందో నాకు తెలుసు. అక్కడ పెట్టింది నేనే.

అది మా అబ్బాయి రిమోట్ కారు. బ్యాటరీ బొమ్మ కాదు, నైట్రో ఇంజిను ఉన్న కారు. వాడి మేనమామ సింగపూర్ నుంచి తెచ్చిచ్చాడు. 2012 ఫిబ్రవరిలో, ప్లస్ టూ పరీక్షలకు నెల రోజులుందనగా, ఒక సాయంత్రం వాడు మా వీధి చివర మైదానంలో కారు తిప్పుతుంటే వెళ్లి చేతిలోంచి లాక్కున్నాను. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. మార్కులు నేను అనుకున్నన్ని రాలేదు. నేను ఇవ్వలేదు. వాడు అడగలేదు. తర్వాత కాలేజీ, ఉద్యోగం, పెళ్లి. వాడు బెంగళూరులో ఉంటాడు. మాట్లాడతాడు, డబ్బు పంపుతాడు, ఆరోగ్యం అడుగుతాడు. అంతే, అంతకుమించి ఏమీ చెప్పడు.

ఈసారి పండక్కి నాలుగేళ్ల మనవడితో వస్తున్నారు. ఇంకా పన్నెండు రోజులుంది. ఈలోగా కారును తిరిగేలా చెయ్యాలనిపించింది.

నేను ముప్పై ఏళ్లు పంపుసెట్ల పని చేసినవాణ్ణి. ఐదు హార్స్ పవర్ మోటారు విప్పి బిగించడం నాకు లెక్క కాదు. ఈ ఇంజిను చూస్తే కమలాపండంత ఉంది. రెండున్నర సీసీ. దీని పని పది నిమిషాలనుకుని స్టార్టరు తాడు పట్టి లాగాను. రాలేదు. కాలు అడ్డం పెట్టి గట్టిగా లాగాను. తాడు తెగి చేతికొచ్చింది.

అది మొదటి తప్పు. రెండో తప్పు, ఫ్లైవీల్‌ను ప్లయర్‌తో పట్టి తిప్పబోయాను. అదృష్టం కొద్దీ మా పాత లేత్ మేస్త్రి ఆ సమయానికే పండగ పలకరింపుకు వచ్చాడు. డెబ్బై దాటాయి ఆయనకు, చూపు మందగించింది, చెయ్యి మాత్రం ఇంకా వణకదు. "ముదలాళీ, ఆపండి. అది పంపు కాదు. లోపల కనెక్టింగ్ రాడ్ అగ్గిపుల్లంత ఉంటుంది. వంగిందంటే ఇంకేం మిగలదు" అన్నాడు.

ఇద్దరం అరుగు మీద కూర్చుని ముందు ఆలోచించాం. నైట్రో ఇంజిను కదలకపోవడానికి మామూలుగా మూడు కారణాలుంటాయి.

ఒకటి, సిలిండరులో ఇంధనం ఎక్కువై నిండిపోవడం. ద్రవం నలగదు కదా, పిస్టన్ పైకి వెళ్లలేదు. గ్లో ప్లగ్గు విప్పి తిప్పితే ఆ ఇంధనం బయటికి చిమ్మేస్తుంది, అంతటితో సరి. కానీ పదమూడేళ్లు అటక మీదున్న ఇంజినులో తడి ఎక్కడిది?

రెండు, పిస్టన్ సరిగ్గా పైకొసకు వచ్చి అక్కడే బిగుసుకోవడం. చాలా నైట్రో ఇంజిన్లలో పిస్టన్‌కు రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, లోపల క్రోమియం పూత వేసిన ఇత్తడి స్లీవ్. ఆ స్లీవ్ పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి సన్నబడుతుంది. ఇంజిను వేడెక్కి నూరు డిగ్రీలు దాటినప్పుడు స్లీవ్ వ్యాకోచించి సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పైన పట్టు ఉండి తీరాలి. అది జబ్బు కాదు, ఇంజిను ఆరోగ్యానికి గుర్తు. అయితే పిస్టన్ను ఆ పట్టులోనే వదిలేసి మూలన పెడితే బిగుసుకుపోతుంది.

మూడు, మాది. ఈ ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్, నూనె ఉంటాయి. చాలా రకాల్లో ఆ నూనెలో ఆముదం కలుస్తుంది. అవును, మనం చిన్నప్పుడు ముక్కు మూసుకుని తాగిన ఆముదమే. కాస్ట్రాల్ అన్న పేరులో ఉన్నదీ ఇంగ్లీషు ఆముదమే. అంత వేడిలోనూ లోహాన్ని కాపాడే గుణం దానిది. కానీ ట్యాంకులో ఇంధనం ఉంచి వదిలేస్తే మిథనాల్ ఆరిపోతుంది, ఆముదం మిగిలి బంకై, ఏళ్లు గడిస్తే వార్నిష్‌లా గట్టిపడుతుంది. పైగా మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకు ఉక్కు బేరింగులు తుప్పు పడతాయి.

ట్యాంకు మూత తీసి చూశాను. అడుగున తేనెరంగు పొర. ఆ రోజు కారు లాక్కున్నప్పుడు ట్యాంకు సగం ఉంది. అలాగే పెట్టెలో పెట్టి పైకెక్కించాను.

ఇక పని. ట్యాంకు, ట్యూబులు ముందు విప్పేశాం. మిథనాల్ మంట పగటివెలుతురులో కంటికి కనిపించదు, కాబట్టి పాత ఇంధనం చుక్క కూడా దగ్గర లేకుండా చూసుకుని, అంతా పెరట్లో గాలి ఆడేచోటే చేశాం. ఎయిర్ ఫిల్టరు తీసి, గ్లో ప్లగ్గు విప్పి, ఆ కంతలోంచి కొన్ని చుక్కలు, కార్బురేటరు నోట్లోంచి కొన్ని చుక్కలు తుప్పు వదిలించే నూనె వేశాం. "ఇక దీన్ని ముట్టకండి. రేపు చూద్దాం" అన్నాడు మేస్త్రి.

మరునాడు కదల్లేదు. మళ్లీ చుక్కలు వేశాం. ఎగ్జాస్ట్ కంతలోంచి స్క్రూడ్రైవరు దూర్చి పిస్టన్ను నెట్టి చూద్దామా అన్నాను. మేస్త్రి నా చేతి మీద చిన్నగా కొట్టాడు. ముప్పై ఏళ్లు నా దగ్గర పనిచేసిన మనిషి, ఎప్పుడూ నా మీద చెయ్యి వేసి ఎరగడు. పిస్టన్ మీద ఒక్క గీత పడితే కంప్రెషన్ పోతుంది, ఆ తర్వాత ఇంజిను తిరిగినా స్టార్ట్ కాదన్నాడు.

మూడో రోజు పైన మిగిలిన నూనె శుభ్రంగా తుడిచి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చాను. ఇంజిను తల మీద చెయ్యి పెట్టలేనంత వేడి వచ్చేదాకా పట్టాం. ఫ్లైవీల్‌కు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి చేత్తోనే పట్టి తిప్పాను. ఏమీ లేదు. మళ్లీ వేడి. మళ్లీ తిప్పాను. కాలిన ఆముదం వాసన సన్నగా వచ్చింది. అప్పుడు కదిలింది. గోరంత కదిలింది.

నేను ఉత్సాహపడి పూర్తిగా తిప్పబోతే మేస్త్రి మళ్లీ ఆపాడు. బంక ఇంకా లోపలే ఉంది, బలవంతంగా ఒక చుట్టు తిప్పితే అదే గీతలు పెడుతుంది. కదిలినంత మేర ముందుకూ వెనక్కూ ఊపుతూ, నూనె వేస్తూ, వేడి చేస్తూ పోవాలి. సాయంత్రానికి పావు చుట్టు. రాత్రి ఎనిమిదింటికి పూర్తి చుట్టు. పైకొసలో పట్టు చేతికి తెలుస్తోంది. స్లీవ్ బతికే ఉంది.

తిరిగింది కదా అని అప్పుడే స్టార్ట్ చెయ్యకూడదు. వెనక మూత నాలుగు స్క్రూలు విప్పితే బేరింగుల్లో ఎర్రటి పొడి. ఇంజిను మొత్తం విప్పి, వంటకు వాడని పాత గిన్నెలో కడిగాం. ఖాళీ క్రాంక్‌కేసును వేడిచేసి చెక్క మీద తట్టితే బేరింగు తనంతట తానే రాలింది. ఉక్కు కన్నా అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది, సుత్తితో పనే లేదు. బేరింగు మీదున్న నంబరు చూపిస్తే గాంధీపురంలో కొత్తవి దొరికాయి. సిలికాన్ ట్యూబులు మార్చాం. తెగిన తాడు బదులు అదే మందం నైలాన్ తాడు కట్టాం.

మన జీ.డీ. నాయుడు గారు కుర్రవాడిగా ఉన్నప్పుడు రడ్జ్ మోటార్ సైకిల్ కొని, దాన్ని విప్పి బిగించి యంత్రాలు నేర్చుకున్నారని మన ఇళ్లలో చెప్పుకుంటాం కదా. మా అబ్బాయికి కూడా ఆ కథ చెప్పాను, చాలాసార్లు. వాడు అదే పని చేస్తుంటే మాత్రం లాక్కున్నాను. ఈ సంగతి స్లీవ్ తుడుస్తుంటే తట్టింది. పక్కన మేస్త్రి ఉన్నాడు కాబట్టి ఏమీ అనలేదు.

భోగి ముందురోజు రాత్రి వాళ్లు కారులో దిగారు. భోజనాలయ్యాక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. వాడు కాసేపు చూశాడు. "దీన్ని అమ్మేశావనుకున్నాను నాయనా" అన్నాడు.

పదమూడేళ్లు వాడు అలా అనుకున్నాడు. నేనేమో, పిల్లవాడు దాన్ని మర్చిపోయాడనుకున్నాను.

"అమ్మలేదురా. పైన పెట్టి మర్చిపోయాను. ఇంధనం ఉండగానే పెట్టాను. అందుకే పట్టేసింది" అన్నాను.

వాడు ఫ్లైవీల్ మీద వేలుపెట్టి నెమ్మదిగా తిప్పాడు. పైకొస దగ్గర ఆగింది, దాటింది. "తెలుసు. ట్యాంకు ఖాళీ చెయ్యమని చెప్పడానికి ఆ వారం రెండుసార్లు నీ గది దాకా వచ్చాను. చెప్తే మళ్లీ కారు గొడవేనా అంటావని వెనక్కి పోయాను."

నా దగ్గర జవాబు లేదు. "తప్పు నాది" అన్నాను. ఆ మాట వాడితో నేను ఇంతవరకూ అనలేదని అన్నాకే తెలిసింది. వాడూ ఏమీ అనలేదు. కాసేపాగి, కొత్త బేరింగులు ఎవరు వేశారని అడిగాడు. ఆ రాత్రి పదకొండు దాకా ఇద్దరం కార్బురేటరు సూదులు సరిచేస్తూ కూర్చున్నాం.

మర్నాడు ఊళ్లో ఇంధనం కోసం ఫోన్లు చేసి చేసి చివరికి వాడే ఒక హాబీ షాపులో సీల్ వేసిన డబ్బా సంపాదించాడు. కనుమ నాడు మైదానానికి పోయాం. మేస్త్రినీ పిలిచాను. ఇరవైసార్లు లాగినా అంటుకోలేదు. గ్లో ప్లగ్గు పాతదైపోయిందని కొత్తది వేశాడు. రెండో లాగుకు ఒక్కసారిగా అరిచింది. నీలిపొగ, ఆముదం వాసన. మనవడు చెవులు మూసుకుని నా కాళ్ల వెనక దాక్కున్నాడు. వేగంగా తోలలేదు. కొత్త ఇంజినుకు చేసినట్టే ఇంధనం ఎక్కువ పోయేలా పెట్టి, మధ్యమధ్య చల్లారనిస్తూ, రెండు ట్యాంకులు నెమ్మదిగా తిప్పాడు. చివర్లో రిమోట్ నా చేతికిచ్చాడు. నేను తిన్నగా గోడకు కొట్టాను.

మీ ఇళ్లలో పరణ్ మీద ఇలాంటివి ఉంటే, తాడు లాగకండి, ప్లయర్ పట్టకండి. నూనె, వేడి, ఓపిక. నడిపే పిల్లలుంటే చెప్పండి: ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చెయ్యాలి, లైన్లో మిగిలిన ఇంధనం ఆరిపోయేదాకా ఇంజినును తిరగనివ్వాలి, ప్లగ్గు కంతలో, కార్బురేటరులో ఆఫ్టర్ రన్ ఆయిల్ రెండేసి చుక్కలు వేసి కొన్ని చుట్లు తిప్పాలి, పిస్టన్ను కిందికొసకు తెచ్చి వదలాలి. ఫ్లైవీల్ మీద ఆ చోట పెయింటుతో గుర్తు పెట్టుకుంటే సులువు. మా దానికి మేస్త్రి ఎర్రచుక్క పెట్టాడు.

కారు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, పరణ్ మీద కాదు, హాల్లో. వాడు వెళ్లేటప్పుడు తీసుకుపొమ్మన్నాను. "ఇక్కడే ఉండనీ నాయనా, ఏప్రిల్ సెలవులకు వస్తాం" అన్నాడు. ట్యాంకు ఖాళీ చేశానా అని నిన్న ఫోన్ చేసి అడిగాడు. చేశానని చెప్పాను.