వన్స్‌మోర్ అడగలేని సినిమా

నెల్లూరు తీరపు పల్లెల్లో తిరునాళ్ల రాత్రి 'హరిశ్చంద్ర' నాటకం పడిందంటే జనం ఎదురుచూసేది కాటిసీను కోసమే. కథ అందరికీ తెలిసిందే. లోహితాస్యుడు పాము కరిచి పోతాడనీ తెలుసు, చివరికి బతుకుతాడనీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఎందుకంటే పద్యం కోసం. హార్మోనియం శ్రుతి అందుకుని, నటుడు చివరి పాదం దగ్గర రాగం తీశాడా... వెనక వరసలోంచి 'వన్స్‌మోర్' కేక పడాల్సిందే, పద్యం మళ్లీ పాడాల్సిందే!

తెలుగు సినిమాకి మాట వచ్చింది ఇలాంటి నాటకాల్లోంచే. 1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలైంది. దాన్ని తీసిన అర్దేషిర్ ఇరానీయే తెలుగు టాకీకీ పూనుకున్నారు. దర్శకత్వం హెచ్.ఎం.రెడ్డిది. కథ కోసం ఎక్కడా వెతకలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'భక్త ప్రహ్లాద' నాటకం సిద్ధంగా ఉంది. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడు. పాటలు చందాల కేశవదాసువి. 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో బొమ్మ పడింది. 1931 సెప్టెంబరు 15నే విడుదలైందని చాలాకాలం అనుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పరిశోధనతో అసలు తేదీ తేలింది.

అప్పటికి నేపథ్యగానం లేదు. తెరమీద కనపడేవాళ్లే పాడాలి, అదీ కెమెరా తిరుగుతుండగానే. మైకు ఎక్కడో దాచేవారు. వాద్యగాళ్లు కెమెరా కంటపడకుండా పక్కన కూర్చునేవారు. మధ్యలో ఎవరు తడబడినా మళ్లీ మొదటికే. అందుకే అందం కన్నా ముందు గొంతు చూసేవారు. నాటకాల వాళ్లకి పిలుపొచ్చింది ఆ గొంతు వల్లే.

ఈ గాలి నెల్లూరికీ తాకింది. 1911లో అక్కడ పుట్టిన పి.పుల్లయ్యకు సినిమాల్లో పేరు తెచ్చింది 1935 నాటి 'హరిశ్చంద్ర'. అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు. చంద్రమతి వేషం వేసిన కన్నాంబకి అదే తొలి సినిమా. చెట్ల కింద, పందిళ్ల కింద విన్న కథే తెరమీదికెక్కింది. పేరున్న నటుణ్ని ఊరికి రప్పించాలంటే చందాలు పోగుచేయాలి, బస చూడాలి. సినిమాకైతే రీళ్ల పెట్టె వస్తే చాలు. నటుడికి జలుబు చేయదు, గొంతు బొంగురుపోదు. నాటకం తెల్లారితే అయిపోతుంది, సినిమా మాత్రం ఎప్పటికీ ఉంటుందనే ఎవరైనా అనుకుంటారు.

జరిగింది వేరు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు నేడు ఒక్కటీ లేదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది. వేడికీ తేమకీ పాడయ్యేది. ఆడటం అయిపోయిన ప్రింట్లను అందులోని వెండి కోసం కరిగించిన రోజులవి. సినిమాలను భద్రపరిచే జాతీయ సంస్థ పుణెలో ఏర్పడింది 1964లో. అప్పటికే ముప్ఫై రెండేళ్లు గడిచిపోయాయి. ఉంటుందనుకున్నది పోయింది. తెల్లారితే పోతుందనుకున్న పద్యం మాత్రం గురువు నుంచి శిష్యుడికి, తండ్రి నుంచి కొడుక్కి చేరుతూ మిగిలింది.

అలాగని ఇకముందూ దానంతటదే మిగులుతుందన్న ధీమా వద్దు. పద్యం నేర్పేవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు, నేర్చుకునే పిల్లలు తగ్గుతున్నారు. ఇప్పుడు కాటిసీను రాగానే సెల్‌ఫోన్లు పైకి లేస్తున్నాయి. మంచిదే. కానీ ఆ ఫోను మారినప్పుడు పద్యం ఏమవుతోంది? పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసి, ఒకటికి రెండుచోట్ల దాచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడుగా ఎలా గర్జించారో తెరమీద చూసే అదృష్టం మనకి లేదు. మన ఊరి హరిశ్చంద్రుడి విషయంలోనైనా మనవళ్లు ఆ మాట అనకుండా చూడటం మన చేతిలో పనే.