రువైషెద్ దాకా

అమ్మాన్ నుంచి తూర్పుగా వెళ్తూ అజ్రక్ దాటగానే ఇసుక మొదలవుతుందనుకున్నాను. మొదలైంది నల్లరాళ్ల నేల. సిరియా వైపు ఎన్నడో పొంగిన అగ్నిపర్వతాల లావా పగిలి, ముక్కలై, కనుచూపు మేరా పరుచుకుంది. మామయ్య కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాడు. సికింద్రాబాద్‌లో, మారేడ్‌పల్లి ఇంట్లో సామాన్లు సర్దుకుంటున్నప్పటి నుంచి ఆయన అడిగింది ఈ ఒక్క దారే. పెట్రా, మృత సముద్రం నా కోసం ఒప్పుకున్నాడు. అవి బాగున్నాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

1990లో మామయ్య కువైట్‌లో, షువైఖ్‌లో ఒక గ్యారేజీలో స్టోర్‌కీపర్. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. అప్పటికి అక్కడ లక్షన్నరకు పైగా భారతీయులు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లి అరబ్బుల ఇళ్లలో పనిచేస్తున్న మన ఆడవాళ్లు ఎందరో. విమానాశ్రయం మూతపడింది. బస్సెక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ చేరడం, చాలామందికి మిగిలిన దారి అదే. అమ్మాన్ నుంచి ఎయిరిండియా ఆగస్టు 13 మొదలు అక్టోబర్ 11 వరకు 488 విమానాల్లో లక్షా పదివేల మందికి పైగా తీసుకొచ్చింది. ఈ లెక్క అందరూ చెబుతారు, సినిమా కూడా వచ్చింది. విమానం మెట్ల దాకా వాళ్లు ఎలా వచ్చారన్నది మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లే చెప్పుకుంటారు.

మా డ్రైవర్ యాభై దాటిన బదూ, ఎడారి తెగ మనిషి. మామయ్యను మొదటి నుంచీ 'హజ్జీ' అనే పిలిచాడు. అక్కడ పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు. మామయ్య గల్ఫ్ అరబ్బీ ఇన్నేళ్లకూ చెక్కుచెదరలేదు. 2003 ఇరాక్ యుద్ధం తర్వాత డ్రైవర్ అమ్మాన్–బాగ్దాద్ మధ్య జీఎంసీ బండి నడిపాడట. అర్ధరాత్రి అమ్మాన్‌లో బయల్దేరితే తెల్లారేసరికి సరిహద్దు. రమాదీ, ఫల్లూజా దగ్గర దోపిడీలు ఎక్కువ కాబట్టి అక్కడ పట్టపగలు ఉండాలి. ఒంటరిగా వెళ్లకూడదు, ముందు బండి కళ్లకు ఆనుతూనే ఉండాలి. పెట్రోలు, నీళ్లు సగానికి రాకముందే నింపుకోవాలి. ఎదురొచ్చే లారీవాడు లైటు కొడితే ఆగి, ముందు ఏముందో అడగాలి. ఇవన్నీ అతను వేళ్లు మడుస్తూ చెబుతుంటే నేను రాసుకున్నాను. ప్రభుత్వాల ప్రయాణ హెచ్చరికలు చదివాను గానీ, రమాదీ ఏ వేళకు దాటాలో వాటిలో కనబడలేదు.

ఈ నేల మీద దారి కోసం మనుషులు పడ్డ తిప్పలు పాతవే. 1921లో బ్రిటిష్ వాయుసేన కైరో నుంచి బాగ్దాద్‌కు విమానాలు మొదలుపెట్టినప్పుడు, పైలట్లు తప్పిపోకుండా ఈ ఎడారిలో బండి జాడలు వేయించింది. జాడ నిలవని చోట నాగలితో చాలు దున్నించింది. గింజ చల్లని చాలు, మైళ్ల కొద్దీ. న్యూజిలాండ్ నుంచి వచ్చిన నెయిర్న్ సోదరులు 1923లో డమాస్కస్, బాగ్దాద్ మధ్య కార్లు నడిపారు. 1925లో సిరియాలో ఫ్రెంచివారి మీద తిరుగుబాటు లేచి ఆ దారిలో దాడులు జరిగితే, కాన్వాయ్‌లను అమ్మాన్ మీదుగా మళ్లించారు. కిర్కుక్ చమురును హైఫాకు మోసే పైపులైను 1930లలో వచ్చింది. దాని పంపింగ్ స్టేషన్లు హెచ్-4, హెచ్-5. ఇప్పటి రువైషెద్, సఫావీ వాటి దగ్గరి ఊళ్లే. మా డ్రైవర్ ఇప్పటికీ రువైషెద్‌ను హెచ్-ఫోర్ అనే అంటాడు.

రువైషెద్ అంటే రోడ్డుకు రెండు వైపులా టైర్ల షాపులు, మెకానిక్ షెడ్లు, లారీలు, నాలుగు హోటళ్లు. మేం ఆగిన హోటల్లో ఎర్ర కందిపప్పు చారు, పొయ్యి మీంచి దించిన రొట్టెలు, కోసిన ఉల్లిపాయ, నిమ్మచెక్క. చారులో జీలకర్ర ఘాటు. అమ్మాన్‌లో పెద్ద హోటళ్ల భోజనం ఏదీ నాకు ఇంత రుచించలేదు. మామయ్య మొదటి రొట్టె తుంచి చేతిలో పట్టుకుని చాలాసేపు తినలేదు.

"గప్పుడు గిట్ల కూసోని తినలె అల్లుడా. లారీ మీదికెల్లి రొట్టెలు ఇసిరేటోళ్లు. దొరికినోనికి దొరికినట్టు."

ఇరాక్ వైపు త్రెబీల్ చౌకీ. అప్పట్లో అది దాటాక రువైషెద్ దాకా ఎవరికీ చెందనట్టుండే ఎడారి. ఆ ఆగస్టు, సెప్టెంబర్లలో బంగ్లాదేశీలు, శ్రీలంకవాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, మనవాళ్లు అక్కడి గుడారాల్లో వేలకు వేలు చిక్కుకుపోయారు. పగలు నిప్పులు, రాత్రి చలి, మధ్యలో దుమ్ముగాలి. తేళ్లు. నీళ్ల ట్యాంకర్ వస్తే తొక్కిసలాట. మామయ్య బస్సులో గోదావరి జిల్లాల ఆడవాళ్లు కొందరున్నారు.

"మొగోళ్లం సుట్టూత పండినం. ఆడోళ్లను నడిమిట్ల పండబెట్టినం. ఎవలు జెప్పలె, అట్లనే అయింది."

ఆయన మరీ మరీ చెప్పింది బస్సు డ్రైవర్ గురించి. బాగ్దాద్‌లో అందరూ చందా వేసుకుని మాట్లాడుకున్న ఇరాకీ. పొద్దుగూకే వేళ దారిలో ఉన్న రుత్బాలో బండి ఆపి, తెల్లారేదాకా కదలనన్నాడు. డబ్బు తీసుకుని మోసం చేస్తున్నాడని బస్సంతా అరిచింది. ఒకడు కాలర్ పట్టుకున్నాడు. ఆ మనిషి తాళం చెవి జేబులో వేసుకుని టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. తెల్లారాక ఎదురొచ్చిన బస్సువాళ్లు, ముందు దారిలో రాత్రి నడిచిన బండిని దోచుకున్నారని చెప్పారు. కాలర్ పట్టుకున్నవాడు వెళ్లి అతనికి టీ తెచ్చి ఇచ్చాడట.

ఎడారి దేశాలకు మా ఊరి నుంచి వెళ్లేవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు. లిబియాలో సిర్త్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులు 2015 జూలై 29న ఇంటికి రావడానికి ట్రిపోలీ దారి పట్టారు. సిర్త్‌కు యాభై కిలోమీటర్ల దూరంలో చెక్‌పోస్టు దగ్గర వాళ్లను అపహరించారు. కర్ణాటకకు చెందిన ఇద్దరిని రెండు రోజుల్లో వదిలారు. హైదరాబాద్ జంటనగరాలవాళ్లు ఇద్దరూ బయటపడింది 2016 సెప్టెంబర్‌లో. ఆ ఏడాదికి పైగా వాళ్ల ఇళ్లలో గడిచిన రాత్రులు తలచుకుంటే, గల్ఫ్‌కో లిబియాకో పంపే ఏజెంట్లు జీతం ఎంతో చెప్పి దారి సంగతి చెప్పకపోవడం నాకు నేరంగానే తోస్తుంది. విమానాశ్రయం మూతపడితే ఏ వైపు వెళ్లాలి, ఎవరితో వెళ్లాలి, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? వెళ్లేముందు ఇంట్లోవాళ్లే కూర్చోబెట్టి అడగాలి ఇవి.

ఇరాక్ పడమటి రాష్ట్రం అన్బార్ ఐసిస్ చేతికి చిక్కాక 2015లో త్రెబీల్ సరిహద్దు మూసేశారు. 2017 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆ రెండేళ్లూ పొయ్యి వెలిగించిన రోజులు తక్కువని హోటల్ యజమాని చెప్పాడు. మామయ్య ఆ గుడారాల కథ చెప్పగానే, అప్పట్లో తన తండ్రి కూడా రొట్టెలు కాల్చి లారీల్లో పంపాడన్నాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏవేవో ఊళ్ల పేర్లు, తేదీలు కలుపుకోవడం మొదలుపెట్టారు. సగం నాకు అర్థం కాలేదు. బిల్లు తీసుకోనంటాడు ఆయన, ఇస్తానంటాడు మామయ్య. చివరికి మామయ్య ఆ డబ్బు వంటవాడి చేతిలో పెట్టాడు.

సరిహద్దు అక్కడికి దాదాపు ఎనభై కిలోమీటర్లు. వచ్చిందే దానికోసం కదా, గేటు దాకా పోదామన్నాను. డ్రైవర్ ఇద్దరు లారీవాళ్లతో మాట్లాడి వచ్చి తల అడ్డంగా ఊపాడు. మధ్యాహ్నం దాటింది, వెళ్లి తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది, రాత్రిపూట ఈ రోడ్డు మీద పరదేశులతో తను బండి నడపడు. నేను ఇంకో మాట అనబోతుంటే మామయ్య నా చెయ్యి నొక్కి ముందుసీట్లో ఎక్కాడు.

"ఆయన వద్దన్నడు, అయిపోయింది. ఎక్కు."

సఫావీలో పెట్రోలు నింపించుకుని, వెలుతురుండగానే అజ్రక్ దాటాం.