ఆడలేనోడు



పోయిన నెల మన గ్రూపులో ఎవరో సరదాకి "ఆడలేనోడే కోచ్ అవుతాడు" అని పెట్టారు. చాలామంది నవ్వారు. మేమూ నవ్వాం. ఆ మెసేజ్ మా సీనియర్ అన్న కూడా చూశాడు. ఏమీ అనకుండా గ్రూపులోంచి బయటికెళ్లిపోయాడు. ఈ పోస్టు అందుకే. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

కొత్తవాళ్లకి తెలీదు కాబట్టి చెప్తున్నాం. అన్నది పాడేరు వైపు. బెజవాడలో డిగ్రీ చదువుతూ కాలేజీ టీంలో మిడ్‌ఫీల్డ్ ఆడేవాడు. బాల్ అన్న కాలి దగ్గరుంటే మిగతా పదిమందికీ ఊపిరి తీసుకునే టైం దొరికేది. మోకాల్లో లిగమెంట్ తెగింది. ఇంట్లో డబ్బులు సర్దుబాటయ్యేసరికి ఆలస్యమైంది. ఇప్పుడు నడుస్తాడు, కానీ పరిగెడుతూ ఒక్కసారి పక్కకి తిరగలేడు. మిడ్‌ఫీల్డర్‌కి కావాల్సిందే అది.

హాస్టల్లో మేమంతా కలిసి 'మైదాన్' సినిమా చూశాం. అది సయ్యద్ అబ్దుల్ రహీం గారి కథ. హైదరాబాద్‌లో బడిపంతులుగా చేసి, దేశం టీంకి కోచ్ అయిన మనిషి. మాకు మాత్రం ఆయన కంటే ఆయన శిష్యుడు తులసీదాస్ బలరాం మీద మనసు పడింది. సినిమా అయిపోయాక దొరికినదల్లా వెతికి చదివాం.

బలరాం 1936లో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో, పేద తమిళ కుటుంబంలో పుట్టారు. ఆడుతుంటే రహీం గారి కళ్లల్లో పడ్డారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేకపోతే అద్దె సైకిల్‌కి రహీం గారే ఇచ్చేవారని చెబుతారు. (బస్సు చార్జీలేక సెలెక్షన్స్‌కి వెళ్లలేకపోయినవాళ్లు మన గ్రూపులో ఎంతమందో! అప్పట్లో మనకీ ఒక రహీం ఉంటే...) ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మన టీం నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ ఆయనవే. రెండు మ్యాచ్‌లూ ఓడిపోయాం, అది వేరే సంగతి. పేరుకి ఫార్వర్డే గానీ వెనక్కొచ్చి బాల్ తీసుకుని ఆట నడిపే రకం. మా అన్నలాగే అనిపించింది మాకు. 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి బంగారం తెచ్చారు. ఆ ఏడే అర్జున అవార్డు.

ఆ తర్వాతే అసలు కష్టం. 1963 జూన్‌లో రహీం గారు క్యాన్సర్‌తో పోయారు. అదే ఏడు బలరాంకి ప్లూరసీ అని ఊపిరితిత్తుల జబ్బు చేసింది, ఆట ఆపేయాల్సి వచ్చింది. అప్పటికి ఇంకా చిన్న వయసే. తోటివాళ్లు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలకి పద్మశ్రీ వచ్చింది. ఈయనకి చివరిదాకా రాలేదు. బెంగాల్లోనే ఉండిపోయి, కుర్రాళ్లకి ఆట నేర్పారు. పెళ్లి చేసుకోలేదు. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో పోయారు. మన తెలుగు ఊళ్లలో ఎంతమందికి తెలిసిందో మరి. మాకైతే సినిమా చూసేదాకా పేరే తెలీదు, సిగ్గుగా ఉంది చెప్పుకోడానికి.

బలరాంని "ఆడలేనోడు" అందామా?

గుగులోత్ సౌమ్య పేరు మనందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల, క్రొయేషియాలో డినామో జాగ్రెబ్‌కి ఆడొచ్చింది, ఇండియా జెర్సీ వేసుకుంటోంది. ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకుంటాం, మంచిదే. ఆ పిల్లకి మొదట్లో బాల్ తన్నడం నేర్పిన మనిషి పేరు మనలో ఎందరు అడిగాం?

ఇప్పుడు అన్న సంగతి. కాలవ గట్టు మీద యానాదుల ఇళ్లున్నాయి. అక్కడి పిల్లల్ని పోగేసి రోజూ పొద్దున ఆడిస్తున్నాడు. పద్నాలుగు మంది, అందులో అయిదుగురు ఆడపిల్లలు. బూట్లు ముగ్గురికే ఉన్నాయి, వంతులేసుకుంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు ఆ స్థలమంతా బురదైపోతే, నీళ్లు దిగాక అన్నా పిల్లలూ కలిసి పారలతో ఎత్తిపోశారు. మేమూ రెండ్రోజులు వెళ్లాం. వాళ్లు "సార్" అంటే అన్న తెగ సిగ్గుపడతాడు. చేపలకెళ్లే ఒకక్క మాతో, "మావోడు ఇప్పుడు బడి ఎగ్గొట్టట్లేదయ్యా, బడి ఎగ్గొడితే సార్ ఆటలోకి రానివ్వడు" అంది.

అన్న ఏమో సామాన్లు సర్దుకుంటున్నాడు. ఊరెళ్లిపోయి కాఫీ తోట చూసుకుంటాడట. తోట చూసుకోవడం తప్పని మేం అనం, ఇంటి పరిస్థితి అన్నకే తెలుసు. కానీ వెళ్లే కారణం ఆ మెసేజ్ అయితే మాత్రం మనందరిదీ తప్పే. ఫుట్‌బాల్ ఫెడరేషన్ డి లైసెన్స్ అని కోచింగ్ కోర్సు పెడుతుంది. అక్కడ మొదలుపెట్టి సి, బి, ఎ అని పైకి వెళ్లొచ్చు. ఆ ఫారం మేం తెచ్చాం. అన్న టేబుల్ మీద పెట్టాం. నాలుగు రోజులైంది, చించలేదు, నింపలేదు. దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాడు.

ఆ మెసేజ్ పెట్టిన తమ్ముడూ, నీ మీద కోపం లేదు. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి గట్టు దగ్గరికి రా. అన్న ఉంటాడు. పాత బూట్లుంటే పట్టుకురా, నాలుగు, అయిదు సైజులు కావాలి.